ఆరో ఏడు రోడ్డు ఎవరిది?

పోయిన వానాకాలం చివర్లో మేము ముగ్గురు టీచర్లం హైదరాబాద్ వెళ్ళాం. చిన్న తరగతుల పిల్లలకు ఇంటి భాషలో పాఠాలు ఎట్లా చెప్పాలన్న విషయం మీద ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో రెండు రోజుల సమావేశం. మావి ఏటూరునాగారం ఏజెన్సీలోని బడులు. ఇద్దరం ఒకే బడిలో పనిచేస్తాం, మూడో ఆయనది పక్క గూడెం. మాది టీటీసీ చదువు. యూనివర్సిటీ అంటే ఉద్యమం రోజుల్లో పేపర్లో చూసిన ఆర్ట్స్ కాలేజీ బొమ్మ తప్ప మాకు వేరే పరిచయం లేదు.

పొద్దున్నే లేచి క్యాంపస్ రోడ్ల మీద నడిచాం. 1918లో మొదలైన యూనివర్సిటీ ఇది. ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని 1939లో ప్రారంభించారు. ఆ రాతి మెట్ల ముందు నిలబడితే ఎవరికైనా మొదట కట్టినవాళ్ళే గుర్తొస్తారు. కానీ ఎనభై ఏండ్లు దాటినా అది నిలబడి ఉందంటే ఏటేటా పైకప్పు చూసినవాళ్ళు, నీటి గొట్టాలు బాగుచేసినవాళ్ళు, రాళ్ళ సందుల్లో మొలిచిన రావి మొక్కలు పీకినవాళ్ళు కూడా ఉండాలి. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు. ఆ పొద్దు మాకు ఈ ఆలోచన రాలేదు. సాయంత్రం తార్నాకలో ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నతో వచ్చింది.

ఆ పిల్లవాడు ఒకప్పుడు మా బడిలో చదివినవాడే. ఇప్పుడు క్యాంపస్‌లో పీజీ చేస్తున్నాడు. మేము వచ్చామని తెలిసి వచ్చి, తార్నాక చౌరస్తా దాకా నడిపించుకుపోయి టీ తాగించాడు. మెట్రో స్తంభాల పక్కన రోడ్డును యంత్రంతో చెక్కుతున్నారు. పాత డాంబరు పొర లేచి లారీలో పడుతోంది. తెల్లారేసరికి కొత్త పొర వేస్తారని టీ కొట్టాయన చెప్పాడు.

పిల్లవాడు చాలాసేపు అటే చూసి అడిగాడు: "సార్, మన గూడెం రోడ్డు మీద మోరీ కూలి రెండేండ్లయింది. ఇక్కడ ఒక్క రాత్రిలో రోడ్డు కొత్తదైతది. సర్కారు దగ్గర ఉన్న డబ్బు ఇంతే అనుకుందాం. అది ఎక్కడ పెట్టాలె? వేలమంది తిరిగే చోటనా, కొద్దిమందే ఉన్నా వేరే దారి లేని చోటనా?"

ముగ్గురం టీచర్లం ఉండి కూడా వెంటనే జవాబు చెప్పలేకపోయాం. "మన చోటనే పెట్టాలె" అనడం తేలిక. కానీ అది న్యాయమని చెప్పాలంటే కారణం కావాలి. ఆ కారణం వెతుక్కుంటూ రాసిందే ఈ వ్యాసం.

తార్నాక పేరు గురించి అక్కడివాళ్ళు ఒక మాట చెప్తారు. నిజాం కాలంలో ఇక్కడ తీగ కంచె, దానికొక కాపలా నాకా ఉండేవట. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. రెండూ కలిసి తార్నాక అయిందంటారు. ఒకప్పుడు దారికి అడ్డంగా నాకా ఉన్నచోట ఇప్పుడు రాత్రింబవళ్ళు బండ్లు ఆగకుండా పోతున్నాయి. ఇక్కడి నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ పోతే వరంగల్ రోడ్డు ఎక్కుతాం. అది 163వ నంబరు జాతీయ రహదారి. భువనగిరి, జనగామ, వరంగల్, ములుగు దాటి ఏటూరునాగారం మీదుగా గోదావరి అవతలికి, ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా పోతుంది. తార్నాకలో టీ తాగిన మేము, గూడెంలో వాగు దాటే మా పిల్లలు ఒకే రోడ్డు మీద ఆధారపడి ఉన్నాం. మధ్యలో సుమారు 250 కిలోమీటర్ల దూరం, చివర్లో మూడు కిలోమీటర్ల పిల్లరోడ్డు, అంతే తేడా.

పట్నంవాళ్ళకు అన్నీ ఉన్నాయి, మాకే ఏమీ లేదని రాయడం మా ఉద్దేశం కాదు. ఇదే రోడ్డు మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎత్తు మీద వంతెన రోడ్డు కోసం 2018లో శంకుస్థాపన జరిగింది. తర్వాత ఏండ్ల తరబడి స్తంభాలు మొండిగా నిలబడ్డాయి. కింద జనం గుంతల్లో, దుమ్ములో తిరిగారు. కొత్తది కట్టే పేరుతో ఉన్నదాన్ని చూసుకోకపోవడం పట్నంలోనూ ఉంది. అందుకే ఈ ప్రశ్న పట్నానికి, గూడేనికి మధ్య తగాదా కాదు. కట్టడానికి, కాపాడుకోవడానికి మధ్య తగాదా.

ముందు ఇంజినీర్ల మాట విందాం. రోడ్డు మీద రోజుకు ఎన్ని బండ్లు పోతున్నాయో లెక్కపెట్టి, ఎక్కువ పోయే చోట ఎక్కువ డబ్బు పెట్టాలంటారు. ఇందులో న్యాయం లేదనలేం. తార్నాకలో గుంత పడితే ఒక్క గంటలో ఎన్ని సిటీ బస్సులకు కుదుపు, ఎంతమంది రోగులకు ఆలస్యం! ఎక్కువమందికి మేలు జరగాలన్నది మంచి సూత్రమే. మేమూ తరగతిలో అదే చెప్తాం.

అయితే బండ్లను లెక్కపెడితే బండ్లున్నవాళ్ళే లెక్కలోకి వస్తారు. మా గూడెంలో నలభై ఇండ్లు. మోరీ కూలిన తర్వాత ఆటో రావడం మానేసింది. ఆటో రాదు కాబట్టి మనుషులు నడిచిపోతున్నారు. నడిచేవాళ్ళు ఏ లెక్కలోనూ పడరు. ఇప్పుడు ఎవరైనా వచ్చి లెక్కపెడితే ఆ రోడ్డు మీద రోజుకు బండి లేదని రాసుకుంటారు. బండి లేని రోడ్డుకు డబ్బు ఎందుకంటారు. రోడ్డు చెడిపోవడమే దాన్ని బాగుచేయకపోవడానికి కారణమవుతుంది. టీచర్లకు ఈ తర్కం కొత్తేమీ కాదు. పిల్లలు తక్కువున్నారని టీచర్‌ను తీసేస్తారు. టీచర్ లేడని ఉన్న పిల్లలు హాస్టలుకు పోతారు. చివరికి పిల్లలు లేరని బడికి తాళం వేస్తారు. లెక్క ఎక్కడా తప్పు కాదు, ఫలితం మాత్రం అన్యాయం.

కాబట్టి ఎంతమంది తిరుగుతున్నారన్న ప్రశ్న పక్కన ఇంకో ప్రశ్న పెట్టాలి: ఈ రోడ్డు లేకపోతే వాళ్ళకు ఏం మిగులుతుంది? తార్నాకలో ఒక దారి మూస్తే చుట్టూ తిరిగి పోవడానికి నాలుగు దారులుంటాయి. ఆలస్యమవుతుంది, పెట్రోలు ఖర్చవుతుంది. గూడెంలో ఒక్క మోరీ కూలితే రెండో దారి లేదు. పోయిన ఏడాది శ్రావణంలో మా గూడెం ఆడబిడ్డ ఒకామెకు రాత్రిపూట నొప్పులు వచ్చాయి. నలుగురు మంచం మీద మోసుకుని మోకాటి లోతు వాగు దాటించి అవతల ఆగిన బండి ఎక్కించారు. తల్లీ బిడ్డా బతికారు. బిడ్డను ఎత్తుకుని ఆమె ఇప్పుడు మా అంగన్‌వాడీకి వస్తోంది. కానీ ఆ రాత్రి వాగు ఇంకొక మూర పెరిగి ఉంటే ఏమయ్యేదో అందరికీ తెలుసు. ఆలస్యాన్ని, ప్రాణాన్ని ఒకే తూకంలో వేయలేం.

ఇది మా ఒక్కరి మాట కాదు. హిమాచల్ ప్రదేశ్‌లో రోడ్డు లేని కొండ ఊళ్ళ పేదలు హైకోర్టుకు ఉత్తరం రాశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1986లో వచ్చిన తీర్పులో, కొండల్లో బతికేవాళ్ళకు రోడ్డు ఉండడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు ఒప్పుకుంది. చదువుకునే పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి. ఒక ఉత్తరంతో మొదలైన కేసు అది.

ప్రభుత్వం కూడా కొంతవరకు ఈ సూత్రాన్ని ఒప్పుకుంది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదాన ప్రాంతాల్లో 500 జనాభా ఉన్న ఊరికి రోడ్డు వేయాలని పెట్టుకుంటే, కొండ ప్రాంతాలకు, ఐదో షెడ్యూలు ప్రాంతాలకు 250 జనాభా ఉంటే చాలన్నారు. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకంలో చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి లాంటి తెగల ఆవాసాలకు 100 మంది ఉంటే చాలన్నారు. అంటే తలల లెక్క ఒక్కటే చాలదని, అవసరాన్ని కూడా తూకం వేయాలని దేశం ఒప్పుకున్నట్టే. కానీ ఇది రోడ్డు వేసేటప్పటి మాట. వేసిన రోడ్డును చూసుకునేటప్పుడు మళ్ళీ పాత లెక్కే వస్తోంది.

మా బడికి దగ్గర్లో రోడ్డు మొదట్లో ఒక బోర్డు ఉంది. రోడ్డు పొడవు, ఖర్చు, పని పూర్తయిన తేదీ రాసి ఉంటాయి. కింద నిర్వహణ ఖర్చు ఏడాదివారీగా రాసి ఉంటుంది. సడక్ యోజన రోడ్లకు మొదటి అయిదేండ్లు కాంట్రాక్టరే నిర్వహణ చూడాలని ఒప్పందంలో ఉంటుంది కాబట్టి ఆ అంకెలు. ఒకరోజు అయిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకుపోయి కూడికలు చేయించాం. అప్పటికి రోడ్డు వేసి ఏడేండ్లు. ఒక పాప అన్ని అంకెలూ కూడి, బోర్డు కింది అంచు వేలితో తడిమి, "సార్, ఆరో ఏడు అంకె చెరిగిపోయిందా?" అని అడిగింది. చెరిగిపోలేదమ్మా, రాయలేదు అన్నాం. "మరి ఆరో ఏడు రోడ్డు ఎవరిది?" అంది. మా వ్యాసానికి పేరు పెట్టింది ఆ పాపే.

నియమం ప్రకారం ఆరో ఏడు నుంచి బాధ్యత రాష్ట్రానిది. కాగితం మీద రోడ్డుకు దిక్కు ఉంది. కానీ ఆ ఊరి రోడ్డుకు ఆ ఏడాది ఎంత, ఎవరి చేత, ఎప్పుడు అన్నది బోర్డు మీద ఉండదు. ఎవరిని అడగాలో ఊరికి తెలియని బాధ్యత ఉన్నా లేనట్టే.

రోడ్డు ఎట్లా చెడుతుందో మన పిల్లలకు తెలియాలి. రోడ్డుకు మొదటి శత్రువు నీరు. అందుకే రోడ్డు నడుమ కొంచెం ఎత్తుగా, పక్కలకు వాలుగా వేస్తారు. పడిన వాన పక్క కాల్వలోకి జారి, మోరీ గుండా అవతలికి పోవాలి. కాల్వ పూడిపోతే నీరు రోడ్డు మీదే నిలుస్తుంది. డాంబరులో సన్న పగులు దొరికితే లోపలికి దిగి కింద మట్టిని మెత్తబరుస్తుంది. పైన బండి చక్రం పడగానే గుంత. పగులు దగ్గర ఆపితే తట్టెడు పని. గుంత దగ్గర ఆపితే బండెడు పని. రోడ్డు తెగిపోయాక కొత్త రోడ్డు వేయాల్సిందే. మా చిన్నప్పుడు పెద్దరోడ్డు మీద గ్యాంగు కూలీలు కనపడేవాళ్ళు. పార, తట్ట పట్టుకుని వానకు ముందే కాల్వలు తీసేవాళ్ళు, గుంతలు పూడ్చేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు కనపడరు. రోడ్డు పూర్తిగా పోయిన తర్వాత యంత్రం వస్తుంది.

ఇట్లా ఎందుకు జరుగుతోంది? కొత్త రోడ్డుకు కొబ్బరికాయ కొట్టొచ్చు, రిబ్బను కత్తిరించొచ్చు, పేరున్న రాయి పాతొచ్చు. పూడిక తీసిన కాల్వకు ఎవరూ రిబ్బను కట్టరు. పని బాగా జరిగితే ఏమీ జరగనట్టే ఉంటుంది. గుంత పడలేదు, మోరీ కూలలేదు, ఎవరినీ మంచం మీద మోయలేదు. జరగని కష్టాన్ని ఎవరూ ఫోటో తీయలేరు. కానీ మన ఇండ్లల్లో ఈ పని విలువ తెలియనిది కాదు. ఇల్లు ఒక్కసారే కడతాం. గడ్డి కప్పు మాత్రం మళ్ళీమళ్ళీ కప్పుతాం, పండుగ ముందు గోడలకు ఎర్రమట్టి పూస్తాం. ఇల్లు కట్టాం కదా, ఇక కప్పు ఎందుకని ఏ ఇంటాయనా అనడు. అంటే ఆ ఇంట్లో పిల్లలు తడుస్తారు.

ఇక రోడ్డును ఎవరు అరగదీస్తున్నారన్నది ఇంకో సంగతి. 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో రోడ్ల మీద పెద్ద పరీక్ష చేశారు. ఇరుసు మీద బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. లెక్కల టీచర్లకు వెంటనే అర్థమవుతుంది. బరువు రెండింతలైతే నష్టం రెండింతలు కాదు, 2×2×2×2, అంటే 16 రెట్లు. సైకిలు, మోటారు సైకిలు రోడ్డును చెడగొట్టలేవు. చెడగొట్టేది మోతాదు మించి నింపిన లారీ.

మా వైపు ఆ లారీల్లో పోయేది గోదావరి ఇసుక. అది ఏజెన్సీ రోడ్ల మీదుగా పెద్దరోడ్డెక్కి హైదరాబాద్ పోతుంది. తార్నాక చుట్టూ లేచే అపార్టుమెంట్ల గోడల్లో మా గోదావరి ఇసుక ఉండకుండా పోదు. ఇసుక అటు పోయింది, గుంతలు ఇటు మిగిలాయి. ఇల్లు కట్టుకోవడం తప్పని మేము అనడం లేదు. ఆ ఇల్లు కట్టడానికి అరిగిన రోడ్డు ఖర్చు కూడా ఆ ఇంటి ఖర్చులో భాగమే అంటున్నాం. ఎవరి బరువుకు అరిగిందో వాళ్ళ దగ్గర వసూలు చేయడం, ఆ డబ్బు అరిగిన చోటికే చేర్చడం న్యాయం. జయకర్ కమిటీ సూచన మీద 1929లో కేంద్ర రోడ్డు నిధి ఏర్పడినప్పటి నుంచి ఈ దేశంలో పెట్రోలు మీద వేసిన పన్నులో కొంత రోడ్ల పేరుతో పక్కన పెడుతున్నారు. మా గూడెం కుర్రవాడు బండిలో లీటరు పెట్రోలు పోయించుకున్నా రోడ్డు సెస్సు కడుతున్నట్టే. అందుకని గూడెం రోడ్డుకు పెట్టే డబ్బు దయ కాదు. చాలావరకు పాత బాకీ.

ఆ బాకీ ఇంకా పాతది కూడా. విశాఖ మన్యంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులకు కొండజనాన్ని పట్టుకుపోయి, సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలైన అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఆ వెట్టి కూడా ఒక కారణం. గాం గంటందొర, గాం మల్లుదొర లాంటి మన్యం వీరులు ఆ పోరాటంలో నిలిచారు. రోడ్ల మీద పెట్టుబడి అని ఇవాళ లెక్కలు వేసేవాళ్ళు ఆ చెమటను ఏ పద్దులో రాస్తారు?

ఇక్కడ మన పెద్దల అనుమానం ఒకటి చెప్పకపోతే వ్యాసం నిజాయితీగా ఉండదు. "రోడ్డు వస్తే మందు ఒక్కటే రాదు, మారువాడు కూడా వస్తడు" అంటారు వాళ్ళు. నిజాం ప్రభుత్వానికి గిరిజన సలహాదారుగా ఉండి, ఇదే ఉస్మానియాలో ఆంత్రొపాలజీ చెప్పిన హైమన్‌డార్ఫ్ 1940ల్లో ఆదిలాబాద్ గోండుల మధ్య బతికాడు. మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించాడు. దారులు బాగుపడిన కొద్దీ బయటివాళ్ళు వచ్చి గోండుల భూములు చేజిక్కించుకోవడం ఆయన చూశాడు, రాశాడు. 1970లో వచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్, మనం 1/70 అనే చట్టం, ఆ గాయానికి వేసిన కట్టే. కాబట్టి పెద్దల భయం ఉత్త భయం కాదు.

అయినా రోడ్డు వద్దనడం దానికి జవాబు కాదని మేము అనుకుంటున్నాం. రోడ్డు లేకపోతే అప్పులవాడు రాలేడు, నిజమే. కానీ అంబులెన్సూ రాదు, ఇప్పపువ్వు అమ్ముకునేవాడు సంతకూ పోలేడు. కావలసింది మనం నిర్ణయించుకున్న రోడ్డు. 2006 అటవీ హక్కుల చట్టంలో 3(2) సెక్షన్ ఉంది. బడి, ఆస్పత్రి, రోడ్డు లాంటి పనులకు ఒక్కో పనికి హెక్టారు లోపు అడవి భూమి వాడుకోవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు తప్పనిసరి. అంటే ఎక్కడ రోడ్డు, ఏ చెట్టు తప్పించి రోడ్డు అన్న మాట మొదట మనమే చెప్పాలి. ఈ సెక్షన్ చదవని యువకుడు గ్రామసభలో వెనక వరసలో కూర్చుంటాడు.

మన తప్పు కూడా చెప్పుకుందాం. మట్టిబాట ఉన్న రోజుల్లో తొలకరికి ముందు గూడెమంతా కలిసి బాట చెక్కేది. ఇంటికొక మనిషి, మధ్యాహ్నం అందరికీ ఒకే కుండలో జావ. డాంబరు పడిన రోజు నుంచి ఆ పని పోయింది. రోడ్డు సర్కారుది అనుకున్నాం. మోరీ నోట్లో కంప వేశాం. రోడ్డు అంచు దాకా నాగలి పెట్టాం. నీళ్ళ పైపు కోసం రోడ్డును అడ్డంగా తవ్వి మట్టి కప్పి వదిలేశాం. మోరీ కూలడానికి వాన ఎంత కారణమో, మూసుకుపోయిన ఆ నోరూ అంతే కారణం.

ఇది తెలిసి మా గూడెం యువకులు శ్రమదానం చేద్దామన్నారు. ఒక పెద్దాయన అడ్డుపడ్డాడు. "పంతులూ, మా తాతలు దొరల మూటలు మోసిండ్రు, గిర్దావరు బండికి దారి చేసిండ్రు. కూలి అడిగితే కొరడా. మళ్ళా ఉచితంగా సర్కారు రోడ్డు చెయ్యమంటవా?" ఈ మాటకు యువకులు తల దించుకున్నారు. మాకు మాత్రం అది అడగాల్సిన ప్రశ్నే అనిపించింది. వెట్టికి, ఊరుమ్మడి పనికి తేడా ఏమిటి? రెండింటిలోనూ డబ్బు లేదు, రెండింటిలోనూ పారే. తేడా చెమటలో లేదు. పని చేయాలని ఎవరు నిర్ణయించారు, వద్దనే హక్కు ఉందా, ఫలం ఎవరికి అన్నదాంట్లో ఉంది. ఇంకొక తేడా కూడా ఉంది. మనం చేశాం కదా అని అవతలివాడు తన పని ఎగ్గొడితే, ఇష్టంగా చేసిన పని కూడా వెట్టిగా మారుతుంది.

రెండు రాత్రులు మాట్లాడుకుని గూడెం ఒక గీత గీసుకుంది. కాల్వలో ఆకు, మట్టి తీయడం, మోరీ నోరు తెరిచి ఉంచడం, అంచు దున్నకుండా ఉండడం గూడెం పని. మోరీ కట్టడం, డాంబరు వేయడం సర్కారు పని. చేసిన పని తేదీతో ఒక నోటుపుస్తకంలో రాస్తాం. సర్కారు చేయని పని కూడా అదే పుస్తకంలో పక్క పేజీలో రాస్తాం. పెద్దాయన ఒప్పుకున్నాడు. "రాస్తే సరే, రాయకుంటే వెట్టే" అన్నాడు.

సర్కారుకు చేతకాదా అంటే అదీ నిజం కాదు. రెండేండ్లకొకసారి మేడారం జాతర వస్తుంది. సమ్మక్క సారలమ్మల దగ్గరికి జనం లక్షల్లో వస్తారు. జాతర ముందు రోడ్లు ఎంత తొందరగా బాగుపడతాయో మనమంతా చూస్తాం. మంచిదే, తల్లుల దయ. కానీ రెండు జాతరల మధ్య కూడా ఆ చుట్టుపక్కల జనం ఉంటారు. 2023 జూలైలో జంపన్న వాగు పొంగి కొండాయి ఊరిని ముంచింది. ప్రాణాలు పోయాయి. వానలు మునుపటిలా లేవు. పాత వరద కొలతతో కట్టిన మోరీ రేపటి వరదకు ఆగదు. రోడ్డు మీద పెట్టుబడి అంటే ఇవాళ్టి బండ్ల కోసమే కాదు, ఇంకా పుట్టని పిల్లలు దాటబోయే వాగు కోసం కూడా.

రేపటి లెక్క వేయడం సర్కారుకు బాగా తెలుసు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. 2023లో దాన్ని 7,380 కోట్ల రూపాయలకు 30 ఏండ్ల లీజుకు ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చారు. అన్నేండ్ల టోలు ఆ సంస్థకే, రోడ్డు చూసుకునే బాధ్యతా ఆ సంస్థదే. ముప్పై ఏండ్ల టోలును ఇవాళే తీసుకుని ఖర్చుపెట్టడం మన పిల్లలకు న్యాయమా అన్నది పెద్ద చర్చ. అది అట్లా ఉంచి, మేము ఒక్క సంగతి గమనించాం. టోలు వచ్చే రోడ్డుకు ముప్పై ఏండ్ల దాకా ఎవరు చూసుకోవాలో కాగితం మీద రాసి ఉంది. టోలు రాని మా రోడ్డుకు అయిదేండ్ల దాకే రాసి ఉంది. ఆదాయం తెచ్చే బిడ్డకే మందు, తేని బిడ్డకు లేదు అనే తల్లి ఉంటుందా?

ఇప్పుడు తార్నాకలో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలమనుకుంటున్నాం. డబ్బు ఇంతే ఉందనుకుందాం. మొదటి రూపాయి ఉన్న రోడ్డు చావకుండా చూడడానికి పెట్టాలి, పట్నంలోనైనా గూడెంలోనైనా. అందులోనూ రెండో దారి లేని చోట ముందు పెట్టాలి. ఎందుకంటే అక్కడ పోయేది సమయం కాదు, ప్రాణం. తర్వాత ఎక్కువమంది తిరిగే చోట. కొత్త రోడ్లు, ఎత్తు వంతెనలు ఆ తర్వాత. బరువు మోపినవాళ్ళు ఎక్కువ కట్టాలి. ఇట్లా అయితే తార్నాక ప్రయాణికుడు కొంచెం ఆగాల్సి రావచ్చు. ఆ మాట మేము దాచం. నలుగురు మంచం మోయకుండా ఉండడం కోసం ఒక నగరాన్ని పది నిమిషాలు ఆగమని అడగడం తప్పు కాదు.

తోటి టీచర్లకు ఒక మనవి. మీ ఊరి రోడ్డు బోర్డు దగ్గరికి పిల్లలను ఒకసారి తీసుకుపోండి. లెక్కలు, పౌరశాస్త్రం రెండూ అక్కడే ఉన్నాయి. యువకులకు ఇంకో మనవి. సడక్ యోజన రోడ్ల మీద ఫిర్యాదు చేయడానికి 2015 నుంచి మేరీ సడక్ అనే యాప్ ఉంది. ఫోటోతో పంపండి. పంపిన తేదీ రాసి పెట్టుకోండి. గ్రామసభలో కొత్త రోడ్డు అడిగేటప్పుడే దాని ఆరో ఏడు సంగతి కూడా తీర్మానంలో రాయించండి. మీలో కొందరు సివిల్ ఇంజినీరింగ్ చదవండి. వాగు ఎక్కడి దాకా పొంగుతుందో కొలిచేవాడికి ఆ వాగును ఎండలో, వానలో చూసిన కండ్లు ఉంటే మంచిది.

మా మోరీ ఇంకా కట్టలేదు. పుస్తకంలో గూడెం పేజీలు నాలుగు నిండాయి, సర్కారు పేజీలో మూడు అర్జీల తేదీలున్నాయి. తార్నాక పిల్లవాడు సెలవులకు వచ్చి ఆ పుస్తకం చదివి, నాలుగో అర్జీ తానే రాశాడు. దానిలో కోర్టు తీర్పు మాట కూడా పెట్టాడు. బోర్డు దగ్గర లెక్కలు చేసిన పాప ఇప్పుడు ఆరో తరగతి. అర్జీ కింద వేలిముద్రలు వేసేవాళ్ళ పేర్లు ఆమె రాసింది, నలభై ఇండ్లవీ, ఒక్కటీ వదలకుండా.